గ్రామసభ నుంచి ఎం-బుక్ దాకా: వాతావరణ మార్పును తట్టుకునే పనులు పంచాయతీ చేత చేయించుకోవడం ఎలా?

గ్రామసభలో లేచి "వాతావరణ మార్పు మీద పంచాయతీ ఏదైనా చేయాలి" అంటే సర్పంచ్ గారు సరేనంటారు, జనం చప్పట్లు కొడతారు, మినిట్స్ పుస్తకంలో మాత్రం ఒక్క ముక్క ఎక్కదు. ఆ మాటలో రాసుకోదగ్గ పని అంటూ ఏదీ లేదు మరి. పంచాయతీకి అర్థమయ్యేవి ఐదు: పని పేరు, చోటు, కొలత, అంచనా, పద్దు. అదే మాటను "ప్రాథమిక పాఠశాల పైకప్పు వాన నీటిని బడి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించడం" అని చెప్పండి. అంచనా ఎవరిని అడగాలో, ఏ నిధిలో చూపాలో కార్యదర్శి గారికి అప్పటికప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామ పంచాయతీలకు సంబంధించినది. ఆంధ్రలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 నాటి చట్టం నడుస్తున్నాయి. "ఇవన్నీ మా పరిధిలోవి కావండీ" అనే మాట రెండు చోట్లా ఎదురవుతుంది. దానికి జవాబు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఉంది. పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, సామాజిక అడవులు, తాగునీరు, సంప్రదాయేతర ఇంధన వనరులు, పారిశుధ్యం అన్నీ ఉన్నాయి. ఆ జాబితా ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. వాదించడానికి కాదు, వినతిపత్రానికి జత చేయడానికి.

1. ముందు ఊరి లెక్క తీయండి

దీనికి నెల రోజులు పెట్టినా నష్టం లేదు. మిగతా దారంతా ఈ లెక్క మీదే నిలబడుతుంది.

వీధి దీపాలతో మొదలుపెట్టండి. ఇద్దరు కలిసి రాత్రి ఒకసారి, మర్నాడు ఉదయం పది గంటలకు ఒకసారి ఊరంతా తిరగండి. స్తంభాలెన్ని, దీపాలెన్ని, వాటిలో ట్యూబులైట్లెన్ని, ఎల్ఈడీలెన్ని, పగలు కూడా వెలుగుతున్నవెన్ని రాసుకోండి. పాత ట్యూబులైటు చోక్‌తో కలిపి సుమారు 50 వాట్లు లాగుతుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ పెడితే దీపానికి 30 వాట్లు మిగులు. వంద దీపాలు రాత్రికి 12 గంటలు వెలిగితే రోజుకు 36 యూనిట్లు, ఏడాదికి 13,140 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే 92 వేలు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఏడాదికి తొమ్మిది టన్నులు తగ్గినట్టే. సభలో ముందు 92 వేల మాట చెప్పండి. టన్నుల మాట తర్వాత.

ఎల్ఈడీలు వేసేసిన ఊళ్లలోనూ పగటి వెలుగు పెద్ద దుబారా. వంద ఎల్ఈడీలు పగలంతా వెలిగితే రోజుకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు పోయినట్టు. పంచాయతీ పేరు మీద ఉన్న కరెంటు సర్వీసులన్నిటి బిల్లులు పన్నెండు నెలలవి అడిగి తీసుకోండి. వీధి దీపాలవి వేరుగా, నీటి మోటార్లవి వేరుగా కూడండి. మోటార్ల బిల్లు వేసవిలో ఎంత పెరుగుతుందో చూస్తే బోర్ల సంగతీ బయటపడుతుంది.

ఇక నీరు. ఊళ్లోని తాగునీటి బోర్ల లోతు, ఏ నెలలో ఎన్ని గంటలు పోస్తున్నాయి అన్నది వాటర్‌మన్‌ను అడిగితే నోటితోనే చెబుతాడు. రెండు వేల జనాభాకు తలకు 55 లీటర్ల చొప్పున రోజుకు 1.1 లక్షల లీటర్లు, ఏడాదికి సుమారు నాలుగు కోట్ల లీటర్లు కావాలి. బోరు కింద ఒక ఎకరం యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పడితే అది 48 లక్షల లీటర్లకు పైనే. అంటే ఎనిమిది తొమ్మిది ఎకరాల వరి తాగే నీరు ఊరంతటికీ ఏడాది తాగునీటితో సమానం. ఈ ఒక్క లెక్క గోడ మీద రాస్తే చాలు, ఊళ్లో మాట మొదలవుతుంది. ఇది రైతును తప్పుపట్టడానికి మాత్రం వాడకండి. అలా వాడిన రోజు గ్రామసభ రెండు ముక్కలవుతుంది.

ఈ తరహా లెక్క మనకు కొత్తదేమీ కాదు. 2003–2009 మధ్య అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు నడిచింది. వానమాపకం రీడింగు, పరిశీలన బోర్లలో నీటి మట్టం రైతులే రాసుకున్నారు. రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకుని, ఏ పంట ఎంత వేయాలో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. మీ ఊళ్లో అప్పటి రికార్డు ఉందేమో పెద్దవాళ్లను అడగండి.

2. ఒకటి రెండు పనులే ఎంచుకోండి

పది డిమాండ్ల పత్రం ఇస్తే పంచాయతీ అన్నిటికంటే తేలికైనది, ఎక్కువసార్లు మొక్కలు నాటడం, చేసి ఫోటో దిగుతుంది. పని ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. స్థలం పంచాయతీదేనా? ఏడాదిలో పూర్తవుతుందా? రెండో ఏడు దాన్ని ఎవరు చూసుకుంటారు? మూడో దానికి మనిషి పేరు దొరక్కపోతే ఆ పని పక్కన పెట్టండి.

మొదటిసారి అడిగేవాళ్లకు మా సలహా: ఒకటి డబ్బు మిగిల్చే పని, అంటే వీధి దీపాల టైమర్లు, ఒకటి నీళ్లు నిలిపే పని. మొదటిది మూడు నెలల్లో బిల్లులో కనిపిస్తుంది. ఆ నమ్మకంతో రెండోది అడగవచ్చు.

3. సమయం చూసి అడగండి

అన్నిటికంటే ఎక్కువ అర్జీలు వృథా అయ్యేది ఇక్కడే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అందరూ జీపీడీపీ అనేది, మరుసటి ఆర్థిక సంవత్సరానికి ముందు ఏడాదే తయారవుతుంది. ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రజా ప్రణాళిక ప్రచారంలో గ్రామసభలు పెట్టి పనులు ఖరారు చేస్తారు, తర్వాత ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. ఏప్రిల్‌లో వెళ్లి అడిగితే "ప్లాన్ అయిపోయిందండీ" అంటారు, అది నిజం కూడా.

కాబట్టి జూన్, జూలైలో ఊరి లెక్క. ఆగస్టులో వార్డు సభ్యులతో, మహిళా సంఘాలతో మాటలు. సెప్టెంబరు మొదటి వారంలో వినతిపత్రం, రఫ్ అంచనా. అక్టోబరులో గ్రామసభ తీర్మానం. జనవరిలో పోర్టల్ తెరిచి మీ పని అక్కడ ఉందో లేదో చూసుకోవడం. మీ పంచాయతీ పేరు ఎంచుకుంటే ప్రణాళిక ఎవరికైనా కనిపిస్తుంది. పోర్టల్‌లో లేని పని లేనట్టే.

జీపీడీపీకి తొమ్మిది ఇతివృత్తాలు ఉన్నాయి. వాటిలో నాలుగోది నీటి సమృద్ధి గల గ్రామం, ఐదోది స్వచ్ఛ, హరిత గ్రామం. మీ పని దేని కిందికి వస్తుందో వినతిపత్రంలోనే రాస్తే కార్యదర్శి గారికి సగం పని తగ్గించినవాళ్లవుతారు.

4. డబ్బు ఏ పద్దులోది?

"నిధులు లేవు" అనే జవాబు వచ్చేలోపే మీరు పద్దు చూపించాలి.

పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లు 2021–22 నుంచి 2025–26 దాకా ఒక లెక్క ప్రకారం వచ్చాయి. 30 శాతం తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. 30 శాతం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం పంచాయతీ ఇష్టం, జీతాలకు మాత్రం వాడకూడదు. ఇంకుడు గుంత మొదటి 30 శాతంలో పడుతుంది. 2026–27 నుంచి పదహారో ఆర్థిక సంఘం కాలం కనుక, ఈ ఏడాది కేటాయింపు పత్రం కార్యదర్శి గారి దగ్గర అడిగి, అందులోని పద్దు పేరే మీ వినతిలో వాడండి. ఒక హెచ్చరిక: ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంట్లు ఆగిపోతాయి. ప్రత్యేక అధికారి పాలన ఉన్నప్పుడు సొంత ఆదాయంతో అయ్యే చిన్న పనులే అడగడం తెలివైన పని.

ఉపాధి హామీ రెండో దారి. 2005 నాటి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. హామీ రోజులు 100 నుంచి 125 అయ్యాయి. నీటి భద్రత పనులు, తీవ్ర వాతావరణ ఘటనల దెబ్బ తగ్గించే పనులు రెండూ అందులో విడివిడి విభాగాలుగా ఉన్నాయి. ఫీడర్ కాలువ పూడిక, కందకాలు, చెరువు గట్టు మొక్కలు ఇందులో అడగండి.

తెలంగాణలోనైతే 2018 చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ పది శాతం ఎక్కడ ఖర్చయిందో అడిగే హక్కు గ్రామసభకు ఉంది.

మరొకటి చాలామందికి తెలియదు. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించిన ప్రతి ఇంటికీ స్థానిక సంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. ఇంటివాళ్లకు 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78 వేల సబ్సిడీ. "పంచాయతీయే ఒక రోజు నమోదు శిబిరం పెట్టాలి" అని అడగడానికి ఇది మంచి కారణం.

5. వినతిపత్రం

ఒక పేజీ దాటనివ్వకండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్రతో ముట్టినట్టు సంతకం తీసుకోండి. నమూనా ఇలా:

"గౌరవనీయులైన సర్పంచ్ గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి. విషయం: ప్రాథమిక పాఠశాల ఆవరణలో వాన నీటి ఇంకుడు గుంత. పాఠశాల పైకప్పు 100 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మి.మీ. వాన కురిస్తే, అందులో 80 శాతం పట్టుకోగలిగినా 64,000 లీటర్లు దొరుకుతాయి. బడి బోరు గత రెండు వేసవుల్లో ఏప్రిల్‌కే తగ్గిపోయింది. 2 × 2 × 2 మీటర్ల గుంత, పైపులు, వడపోత పొర కోరుతున్నాము. నిధి: ఆర్థిక సంఘం గ్రాంటు, నీటి పద్దు. ఇతివృత్తం: నీటి సమృద్ధి గల గ్రామం. ఏటా వానలకు ముందు శుభ్రం చేసే బాధ్యత: పాఠశాల కమిటీ. దీనిని రాబోయే గ్రామసభ ఎజెండాలో చేర్చి, జీపీడీపీలో పెట్టవలసిందిగా కోరుతున్నాము."

కింద సంతకాలు. యాభై సంతకాలకంటే నలుగురు వార్డు సభ్యులవి, గ్రామైక్య సంఘం (ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య) అధ్యక్షురాలివి బరువైనవి. మహిళా సంఘాలు విడిగా తమ పేదరిక నిర్మూలన ప్రణాళిక తయారుచేసి గ్రామసభకు ఇస్తాయి, అది జీపీడీపీలో కలుస్తుంది. మీ పని అందులోనూ ఉంటే రెండు దారుల నుంచి వచ్చినట్టు.

సర్పంచ్ మహిళ అయితే పత్రం ఆవిడ చేతికే ఇవ్వండి, లెక్క ఆవిడకే వివరించండి. భర్తకు చెప్పి వచ్చేసే అలవాటు ఊరికీ మంచిది కాదు, మీ పనికీ మంచిది కాదు. సంతకం, బాధ్యత రెండూ ఆవిడవే.

అంచనా కోసం ఆంధ్రలో గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను, తెలంగాణలో పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజినీరును (ఏఈ) లేదా ఉపాధి హామీ టెక్నికల్ అసిస్టెంట్‌ను ముందే కలిసి, స్థలం చూపించండి. అంచనా చేతిలో ఉన్న పని, లేని పని కంటే ఎప్పుడూ ముందు నడుస్తుంది.

6. గ్రామసభ రోజు

తేదీ, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఎంత అన్నది ముందే కనుక్కుని, వీధికి ఇద్దరు చొప్పున ఇంటింటికీ చెప్పి రండి. కోరం లేని సభ తీర్మానం తర్వాత చెల్లదంటారు. వేసవిలోనైతే మధ్యాహ్నం పెట్టొద్దని అడగండి. కూలికెళ్లేవాళ్లు రాలేని సభలో వాళ్ల నీళ్ల సంగతి మాట్లాడేవాళ్లుండరు.

మాట్లాడేది ఒకరే, మూడు నిమిషాలే. సమస్య, లెక్క, పని, పద్దు, నిర్వహణ. బోరు ఎండితే బిందెలు మోసే ఆవిడ మాట్లాడితే ఇంకా మంచిది. పాత గొడవలు, రాజకీయాలు ఎత్తకండి. ఎవరైనా ఎత్తితే "అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ పని రాయించండి" అని అక్కడే ఆపండి.

సభ ముగిసేలోపు తీర్మానం రాయించి, చదివించి, నంబరు వేయించాలి. "పరిశీలించాలని తీర్మానించడమైనది" అని రాస్తే ఒప్పుకోకండి. "2027–28 జీపీడీపీలో చేర్చాలని, అంచనా తయారుచేయించాలని తీర్మానించడమైనది" అన్నట్టు సంవత్సరం, చేసే పని రెండూ ఉండాలి. ఆ పేజీ ఫోటో తీసుకోండి.

7. తీర్మానం తర్వాత

ఇక్కడినుంచి దారి ఇది: అంచనా, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, పని అప్పగింత, ఎం-బుక్‌లో కొలతలు (జరిగిన పనిని కొలిచి రాసే అధికారిక పుస్తకం అది), చెల్లింపు. రెండు వారాలకోసారి వెళ్లి ఫైలు ఏ మెట్టు మీద ఉందో అడగండి. కోపంగా కాదు, కొలతల కాగితం పట్టుకుని. పని జరిగేటప్పుడు అంచనా ప్రతి దగ్గర పెట్టుకుని టేపుతో మీరూ కొలవండి. ఎం-బుక్‌లో ఎక్కాక తేడా చెప్పి లాభం లేదు.

8. పనులు ఎక్కడ చెడతాయి?

*ఇంకుడు గుంత.* గంటలో 30 మి.మీ. వాన పడితే 100 చదరపు మీటర్ల పైకప్పు నుంచి అదే 80 శాతం లెక్కన 2,400 లీటర్లు వస్తాయి. 8 ఘనపు మీటర్ల గుంతలో రాళ్లు నింపాక మిగిలే ఖాళీ 40 శాతం, అంటే 3,200 లీటర్లు; సరిపోతుంది. అడుగున సగం దాకా పెద్ద గుండురాళ్లు, పైన 40, 20 మి.మీ. కంకర, చివర 30 సెంటీమీటర్ల దొడ్డు ఇసుక. ఎక్కువ గుంతలు చచ్చిపోయేది ఈ ఇసుక పొర మీద ఒండ్రు పేరుకుని. ఏటా మే చివర పై ఐదు సెంటీమీటర్లు తీసి కొత్తది పోయాలి. తొలి వాన పైకప్పు మురికితో వస్తుంది, దాన్ని బయటికి వదిలే మూత పైపుకు ఉండాలి. మురుగు కాలువ నీరు ఇందులోకి రానివ్వకండి, సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 మీటర్లు దూరం ఉంచండి. నల్లరేగడిలో ముందు అడుగు లోతు గుంత తీసి నీళ్లు పోసి చూడండి. తెల్లారేదాకా నిలిచే ఉంటే అక్కడ గుంత దండగ.

*వీధి దీపాలు.* దీపాలకు విడిగా తీగ, మన లైన్‌మెన్ థర్డ్ వైర్ అనేది, లేకపోతే టైమర్ పెట్టినా ఉపయోగం లేదు. దీపాలు ఇళ్ల లైను మీదే ఉంటాయి కనుక ఆపలేరు. ముందు ఆ తీగ అడగండి. టైమర్‌లో బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం తప్పుతుంది. ఎండాకాలం, చలికాలం సమయాలు మార్చే మనిషి పేరు తీర్మానంలోనే ఉండాలి.

*మొక్కలు.* అన్నిటికంటే ఎక్కువ డబ్బు, మాట వృథా అయ్యే పని. నాటడానికి కాదు, మూడేళ్ల నీళ్లకు, కంచెకు, కాపలాకు అంచనా అడగండి. గుంత ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. వేప, కానుగ, నేరేడు, చింత, రావి మన ఎండకు నిలుస్తాయి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ తెస్తామంటే వద్దనండి. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు పెడితే మూడో ఏట విద్యుత్ సిబ్బందే నరికేస్తారు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పంచాయతీ ట్యాంకర్ వారానికి రెండుసార్లు ఏ రోజుల్లో వస్తుందో రాతలో ఉండాలి.

*చెరువు.* అది పంచాయతీరాజ్‌దా, నీటిపారుదల శాఖదా ముందు తేల్చుకోండి. రెండోదైతే ఆ శాఖ అనుమతి లేకుండా గట్టు ముట్టుకోకూడదు. పూడిక తీసేటప్పుడు ఒండ్రు పొర దాటి కింది ఇసుక పొర దాకా తవ్వితే నీళ్లు నిలవవు. తవ్వినవాళ్లకు మట్టి లాభం, ఊరికి ఖాళీ చెరువు. చెరువు లోపలికంటే ముందు ఫీడర్ కాలువ, తూము, అలుగు చూడండి. తెలంగాణలో అలుగునే మత్తడి అంటారు. కాలువ ఆక్రమణలో ఉంటే ఎంత తవ్వినా నీరు రాదు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే మేర) హద్దు రాళ్లు వేయించమని అదే తీర్మానంలో కలపండి.

*చెత్త.* చెత్త వేరుచేసే షెడ్డు ఉండి వాడనిచోట కారణం దాదాపు ఒకటే: తడి, పొడి కలిసి వస్తోంది. షెడ్డు మరమ్మతు అడగకండి, బండిలో రెండు అరలు అడగండి. డంపింగ్ యార్డులో తగలబెట్టడం ఆపమని కూడా.

*ఎండ.* బడి, అంగన్‌వాడీ పైకప్పులకు తెల్ల సున్నం ఫిబ్రవరిలోనే పడాలి. తెలంగాణకు 2023 నుంచి కూల్ రూఫ్ (పైకప్పుల వేడి తగ్గించే) విధానం ఉంది, దాన్ని ప్రస్తావించండి.

9. కదలకపోతే

మొదట మండల పరిషత్‌లో ఎంపీడీఓ గారిని, తర్వాత జిల్లా పంచాయతీ అధికారిని కలవండి. సోమవారం కలెక్టరేట్‌లో ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి ఉంటాయి. అక్కడ అర్జీతో పాటు ముట్టినట్టు సంతకమున్న ప్రతి, తీర్మానం ఫోటో పెట్టండి. ఇచ్చిన నంబరు దాచుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు దీని తర్వాతి మాట. ముందే వేస్తే కార్యదర్శి గారు మిమ్మల్ని శత్రువుగా చూస్తారు. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానిమీద 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా తేదీ, ఫలానా నంబరు తీర్మానం ప్రతి, దానిపై తయారైన అంచనా ప్రతి, మంజూరు ఉత్తర్వు ప్రతి" అని కాగితాలు అడగండి.

పని పూర్తయ్యాక పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించమనండి. బోరు నీటిమట్టం నెలకోసారి, వాన రీడింగు పడిన రోజు, బడిపిల్లల చేత అక్కడే రాయించండి. వచ్చే అక్టోబరులో రెండో పని అడగడానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సిన కాగితం అదే.